తెల్ల కుండలో ముగి

కిందటి వారం మనం వదిలేసిన చోట, ఫుసాయే, పోయినవాళ్ళకు దణ్ణం పెట్టుకునే బుద్ధుడి అలమర ముందు కుర్చీ వేసుకుని, తెల్లగుడ్డ చుట్టిన చిన్న కుండను ఒళ్ళోకి తీసుకుంది. తుంటి ఎముకకు ఆపరేషన్ చేయించుకుని, కగోషిమా ఆసుపత్రిలో యాభై మూడు రోజులుండి, ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చిన మనిషి. ఆమె అక్కడ ఉండగానే, పద్నాలుగేళ్ళు పెంచుకున్న కుక్క ముగి తుపాను రోజున పోయింది. "దహనం చేశాక ఎముకలు తెచ్చారా?" అని ఆమె ఫోన్లో అడిగితే, "తెచ్చాను" అన్నాడు మొగుడు తకుజో. ఆ తెచ్చినవాటినే ఆమె ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపింది. లోపల కణ్ మని మోగింది.

ఇంకెవరు విన్నా అది ఎముకల చప్పుడే అనుకుంటారు. ఫుసాయే అనుకోలేదు. మకురజాకి రేవులో సమెషిమా వారి ఎండుచేపల కొట్టుకు ఆమె కోడలై వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. తూర చేపను ఉడకబెట్టి, ముళ్ళు తీసి, పొగబెట్టి, ఎండబెట్టి, బూజు పట్టించి, మళ్ళీ ఎండబెట్టి, చెక్కలా గట్టిపడే దాకా వదలకుండా వెంటపడే వ్యాపారం వాళ్ళది. తయారైన దిమ్మలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి వింటారు. లోపల తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది, లేకపోతే కణ్ మంటుంది. కొట్టులో ఆ పని మొదటి నుంచీ ఫుసాయేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఎంత దబాయించినా, ఆమె చెవి ఏం చెబితే దాని మీదే తకుజో బేరం నిలబెట్టేవాడు.

అలాంటి చెవి ఇంటికి తిరిగి వస్తుందని తెలిసీ ఆ కుండలో అది పెట్టాడంటే, ఆ మనిషి తెలివి ఆ రోజుల్లో ఎక్కడ తిరుగుతోందో మనమే అర్థం చేసుకోవాలి. వ్యాపారి అబద్ధమాడితే నాలుగు వైపులా చూసుకుని ఆడతాడు. ఏడుపు దిగమింగుకున్నవాడికి ఒక వైపే కనబడుతుంది.

"ఏమండీ," అంది ఫుసాయే, కుండ మీంచి చెవి తీయకుండానే. "ఇది తూర పొట్ట దిమ్మ."

తకుజో టీ పోస్తున్నాడు. పోస్తూనే ఉన్నాడు.

"కప్పు పొర్లుతోంది, చూసుకోండి. పొట్ట దిమ్మే. రెండో బూజు సరుకు."

"మూడో బూజు," అన్నాడు తకుజో.

అనకుండా ఉండాల్సింది. కానీ తన సరుకును ఒక మెట్టు కిందికి దింపితే ఊరుకోవడం ఆ నోటికి అలవాటు లేదు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఫుసాయే ముడి విప్పింది. తెల్లగుడ్డ ఒళ్ళో పరుచుకుంది. మూత తీసి చూస్తే, నాలుగు ముక్కలు. చిన్న రంపంతో కోసి, అంచులు నున్నగా చెక్కి, మెత్తటి కాగితంలో ఒత్తుగా పేర్చి ఉన్నాయి. ఆమె ఒక ముక్క తీసి వెలుతురులో తిప్పింది.

"కోశారు కూడా."

"మూత పడలేదు."

"మూడో బూజు దిమ్మను! పెళ్ళిళ్ళకి ఇచ్చే సరుకును! పక్కన చెత్త దిమ్మలు బుట్టెడున్నాయి కదండీ."

"ముగి పేరు పెట్టి చెత్త సరుకు పెట్టమంటావా?"

ఫుసాయేకి నవ్వు వచ్చింది. తుంటి నొప్పి పెడుతున్నా ఆపుకోలేకపోయింది. కుండ పట్టుకుని కుర్చీలో ఊగుతూ నవ్వింది. తకుజో కూడా చిన్నగా నవ్వి, టీ గుడ్డ వెతుక్కుంటూ, గండం గడిచిందనుకున్నాడు. నష్టం తక్కువలో బయటపడ్డాననుకున్నాడు.

అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది.

"అయితే, నేను రోజూ సాయంత్రం మాట్లాడింది?"

తకుజో తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

ఆసుపత్రి నుంచి ఆమె రోజూ సాయంత్రం అయిదున్నరకు ఫోన్ చేసేది. అది ముగికి అన్నం పెట్టే వేళ. "ఫోన్ కుండ దగ్గర పెట్టండి," అనేది. తకుజో పెట్టేవాడు. పెట్టి పక్కకు పోలేక, అక్కడే మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ముగీ, అమ్మని. ఇవాళ పది అడుగులు వేశాను. నువ్వు ఏడవకు, నేను వచ్చేస్తాను. నాన్న సరిగ్గా తింటున్నాడో లేదో చూస్తూ ఉండు. ఇవన్నీ అతను విన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి మధ్యాహ్నం కూడా అన్నం వండుకుని తిన్నాడు.

"నలభై అయిదు సాయంత్రాలు నేను చేపతో మాట్లాడానా?"

"ఫుసాయే..."

"పక్క మంచం ఆవిడ నన్ను చూసి కళ్ళు తుడుచుకునేదండీ. పాపం, ఎంత ప్రేమో అనేది. నేనేమో కొట్టు సరుకుతో కబుర్లు!" ఆమె చేతిలోని ముక్కను గుడ్డ మీద పెట్టింది. "మీరేమో గొంతు దగ్గరి ఎముక చెదరలేదన్నారు. అది నిలిస్తే మంచిదంటారు కదా, బుద్ధుడు కూర్చున్నట్టే ఉందన్నారు. నేను అడిగానని అది కూడా చెప్పారు. అంత చక్కగా ఎలా చెప్పగలిగారండీ?"

"నువ్వు అడిగావు. నోటికొచ్చింది చెప్పాను."

"మా ముగి ఎక్కడ?"

ఈ ప్రశ్న వస్తుందని తకుజోకు తెలుసు. జవాబు కూడా చాలాసార్లు తయారు చేసుకున్నాడు. ఒక్కో జవాబునూ తట్టి చూసుకుంటే ఒక్కటీ గట్టిగా పలకలేదు. చివరికి ఏదీ వాడకుండా జరిగింది జరిగినట్టే చెప్పాడు.

"పొగగదిలో నా ఒళ్ళోనే పోయాడు. గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. వాడికి గాలంటే భయం కదా, చొక్కాలోకి తల దూర్చుకున్నాడు. కాసేపయ్యాక చూస్తే బరువు తేడాగా ఉంది. అంతే. కొండ మీది దహనవాటికకు ఫోన్ చేస్తే, రోడ్డు మూసేలోపు వస్తామని బండి పంపారు. డ్రైవరు వానలో నిలబడే కాగితం ఇచ్చాడు. రెండు గళ్ళున్నాయి. ఒకటి విడిగా, ఒకటి కలిపి. కలిపి అంటే ఏంటయ్యా అన్నాను. తోటి జంతువులతో కలిపి అన్నాడు. విడిగా అంటే? ఒక్కదాన్నే అన్నాడు."

తకుజో టీ కప్పును పళ్ళెంలో సరిచేశాడు.

"ఒక్కణ్ణే అనేసరికి నాకు ఇంకేం వినబడలేదు. నువ్వు పెరట్లో బట్టలు ఆరేసుకొచ్చేలోపు ఏడ్చేవాడు కదా వాడు. మనిద్దరం వీధి స్నానాల ఇంటికి వెళితే రేవు దాకా వినబడేది. అలాంటివాణ్ణి ఆ ఇనప గదిలోకి ఒక్కణ్ణే పంపమంటావా? కలిపి అన్నచోట నా పేరు ముద్ర వేశాను."

"కింద ఏం రాసుందో చూడలేదా?"

"లేదు."

"బస్సు టికెట్టు వెనకాల రాసింది కూడా చదివే మనిషి మీరు!"

"ఆ రోజు చదవలేదు."

అతనే మిగతాది పూర్తి చేశాడు. మూడో రోజు ఎముకల కోసం కుండ పట్టుకుని వెళితే, కలిపి చేసినవాళ్ళకు ఎముకలు ఇవ్వరని ఆఫీసులో ఆవిడ చెప్పింది. అవన్నీ ఉమ్మడి సమాధిలోకి పోతాయంది. కాగితం చూపించింది. ముద్ర తనదే. చేపల వేలంపాటలో పెట్టె బరువు పిసరు తగ్గినా పూట పూటంతా నిలబడి వాదించే తకుజో, ఆ రోజు వంగి నమస్కారం చేసి, ఖాళీ కుండతో కొండ దిగి వచ్చేశాడు.

"నాకు ఆ రోజే చెప్పొచ్చుగా."

"చెబుదామనే ఫోన్ తీశాను. అవతల నర్సు ఎత్తింది. మీ ఆవిడ ఇవాళ లేచి నిలబడిందండీ, ఇంటికెళ్ళి కుక్క ఎముకలకు దణ్ణం పెట్టుకోవాలట, అందుకే పట్టుదలగా చేస్తోంది అంది. ఇక నేనేం చెప్పను? నిలబడ్డదానివి మళ్ళీ కూర్చుండిపోతావేమోనని..."

"అయితే నేను చేప కోసం నడిచాను."

"నడిచావు కదా," అన్నాడు తకుజో.

ఇంకెవరైనా అయితే ఆ మాటకు మెత్తబడేవారేమో. ఫుసాయే ముక్కలన్నీ తిరిగి కుండలో పేర్చి, మూత పెట్టి, గుడ్డ చుట్టి, ముడి వేసింది. ఎప్పుడూ వేసే ముడే, కానీ బిగించి వేసింది.

"మీరు అబద్ధమాడినందుకు కాదండీ నాకు. వాడు పోయినప్పుడు నేను లేను. కాళ్ళ దగ్గర నుంచి తల దాకా ఒక్కొక్క ఎముకా పుల్లలతో ఏరి కుండలో వేసుకునే పని కూడా నాకు దక్కలేదు. మా అత్తగారికి చేశాను, మా నాన్నకి చేశాను. ఏరుతుంటే చేతికి తెలుస్తుందండీ మనిషి పోయాడని. నా చేతికి ఇంకా తెలీదు. ఇందాక గుమ్మంలోకి వస్తూ కూడా, కర్ర వాడికి తగలకుండా పక్కకు పెట్టాను."

తకుజో తల దించుకున్నాడు.

"రేపు వాడికి నలభై తొమ్మిదో రోజు, పోయినవాళ్ళను సాగనంపే రోజు. పొద్దున్నే నన్ను అక్కడికి తీసుకెళ్ళండి."

"మెట్లున్నాయి."

"నా కాలు సంగతి నేను చూసుకుంటాను. చేప కోసమే ఇంత దూరం వచ్చినదాన్ని."

*

మర్నాడు శరదృతువు విషువత్తు. పగలూ రాత్రీ సమానమయ్యే ఆ రోజున ఊరంతా పెద్దల సమాధుల దగ్గరే ఉంటుంది. తకుజో సరుకు బండిలో దుప్పటి మడత పెట్టి, దాని మీద భార్యను కూర్చోబెట్టి కొండ ఎక్కించాడు. మెట్ల దగ్గర అతను చెయ్యి ఇస్తే పట్టుకోలేదు. కర్రతో పదిహేడు మెట్లు ఎక్కింది. ఆరో మెట్టు మీదా, పన్నెండో మెట్టు మీదా ఆగింది. అతను వెనక రెండు మెట్ల కింద, పడితే పట్టుకోవడానికి చేతులు చాపుకుని, చాపినట్టు కనబడకుండా ఎక్కాడు.

పైన ఉమ్మడి సమాధి చుట్టూ పది పదిహేను మంది ఉన్నారు. పూలు, కుక్క బిస్కట్లు, ఒకచోట పిల్లి తిండి డబ్బా మూత తీసి పెట్టారు. రాతి దిమ్మె పక్కన సన్నటి చెక్క పలకలు వరసగా గుచ్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. ఫుసాయే కర్ర మీద వంగి, బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటీ పైకి చదివింది.

"కొమె. రిక్కీ. పెద్ద తొరా, చిన్న తొరా. హనకో. మేనేజరు... కుక్కకు మేనేజరని పెట్టారా ఎవరైనా?"

"అది తాబేలమ్మా," అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన. నెత్తికి తువ్వాలు చుట్టుకుని, చీపురుతో నిలబడి ఉన్నాడు. అక్కడి కొలిమి చూసుకునే హమజోనో. ముప్పై ఏళ్ళు తూర పడవల్లో ఇంజను దగ్గర చేసి వచ్చినవాడు. అందుకే ఎదుటి మనిషి పక్కనే ఉన్నా అరిచినట్టు మాట్లాడతాడు. "ఎవరూ తొందరపెట్టలేని ఆఫీసర్లా ఉండేదట. మీదెవరు?"

"ముగి అని. గోధుమరంగు కుక్క. ఎడమ చెవి వాలి ఉంటుంది. ఆగస్టు ఆరున, తుపాను రోజున వచ్చాడు." ఫుసాయే కర్ర సర్దుకుని, చిన్నగా వంగి నమస్కారం పెట్టింది. "అయ్యా, ఒక్క సాయం చేసిపెట్టండి. ఆ రోజు వాడితోపాటు వెళ్ళినవాళ్ళెవరో పేర్లు చెప్పగలరా? మావాడికి తోడు వెళ్ళారు కదా. వాళ్ళక్కూడా దణ్ణం పెట్టుకుంటాను."

తకుజో భార్య వంక చూశాడు. రాత్రంతా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి. ఇది ఆలోచించి వచ్చిందన్నమాట.

హమజోనో చీపురు గోడకు ఆనించాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. కానీ ఇంజను గదిలో మగ్గినవాడికి నాజూకు చేతకాదు.

"ఆ రోజు ఇంకెవరూ రాలేదమ్మా. మీ కుక్కను తెచ్చాక రోడ్డు మూసేశారు. రెండు రోజులు కరెంటు లేదు, మంచుపెట్టె పనిచెయ్యలేదు. ఆపి ఉంచలేక వెలిగించేశాను. వాడొక్కడే."

ఎవరో చిన్న గంట కొట్టి దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆ గంట మోత ఆగేదాకా తకుజో కదల్లేదు.

"ఒక్కడేనా?" అన్నాడు.

"బయట నేనున్నాను. లోపల ఒక్కడే."

తకుజో మెట్టు మీద కూర్చుండిపోయాడు. కూర్చుంటున్నానని చూసుకోకుండానే కూర్చున్నాడు. బతుకులో అతను లెక్కలేనన్ని బేరాలు చేశాడు, కొన్నిట్లో దెబ్బ తిన్నాడు, తిన్న ప్రతిసారీ దానికి బదులు ఏదో ఒకటి దక్కించుకుని లేచాడు. ఇక్కడ ముగి కోసం అడిగింది ఒక్కటే, తోడు. దాని కోసం ఎముకలు వదులుకున్నాడు, భార్య దగ్గర మాట పోగొట్టుకున్నాడు. ఇంతా ఇచ్చాక అడిగిన ఆ ఒక్కటీ రాలేదు. నలభై ఎనిమిది రోజులుగా దిమ్మలు కోస్తూ, ఫోన్ పట్టుకుంటూ, అన్నం వండుకుంటూ వెళ్ళదీసిన ఏడుపు అప్పుడు వచ్చింది. నలుగురూ చూస్తున్నా ఆగలేదు. కుక్క కోసం ఏడ్చే మనుషులను చూసిన చోటే కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. ఒకావిడ తన పూలు కొంచెం పక్కకు జరిపి, అతనికి చోటు చేసింది.

ఫుసాయే నిలబడి చూసింది. వంగలేదు, వైద్యుడు వంగొద్దన్నాడు. కర్రను అతని భుజానికి ఆనించి, రెండో చేత్తో తల మీది టోపీ తీసి, నెరిసిన జుట్టు సవరించి, మళ్ళీ టోపీ పెట్టింది.

"మీకు తెలీదు కదండీ," అంది. ఇంటికి వచ్చాక ఆమె అతనితో మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

"కలిపి అన్నాడు. నేను అడిగాను. కలిపి అనే అన్నాడు."

"అన్నాడు. మీరు సరిగ్గానే అడిగారు."

హమజోనో అంతసేపూ ఓపికగా ఆగాడు. ఏడుపు కాస్త తగ్గినట్టు కనబడగానే తన మామూలు గొంతుతో, "ఇంకొక సంగతి ఉంది. వింటారా?" అన్నాడు. జవాబు కోసం చూడకుండా వెనక షెడ్డులోకి వెళ్ళి, ముతకగుడ్డ సంచీ ఒకటి తెచ్చాడు. మూతికి తాడు, తాడుకు తేదీ రాసిన అట్టముక్క. ఆగస్టు ఆరు.

"కొలిమి వెలిగించిన రోజుకొక సంచీ కడతాను. అన్నీ షెడ్డులో ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు, ఈ విషువత్తు రోజుల్లో, రాతి మూత తీసి లోపల కలిపేస్తాం. మిగతా సంచీల్లో అయిదుగురో ఆరుగురో ఉంటారు. ఇందులో ఒక్కడే ఉన్నాడు."

ఫుసాయేకి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. కర్ర తకుజో భుజం మీదే వదిలేసి, రెండు చేతులూ చాపింది. హమజోనో సంచీని ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని చెవి దగ్గరకు తీసుకోలేదు. పొట్టకు ఆనించుకుంది. బరువు చూసుకుంటున్నట్టు మెల్లగా ఎత్తి, దించింది. ముప్పై ఎనిమిదేళ్ళు చేత్తోనే తూచిన మనిషి.

"ఇంతే అయిపోయాడా," అంది. కళ్ళ నీళ్ళు సంచీ మీద పడ్డాయి. ఆ చేతులకు అప్పుడు తెలిసింది.

తకుజో లేచి వచ్చి సంచీ కింద తన చెయ్యి కూడా పెట్టాడు. ఈసారి ఆమె ఆ చేతిని వద్దనలేదు.

"చూడండి," అన్నాడు హమజోనో. "కలిపి అన్నవాళ్ళకు ఇవ్వకూడదని రూలు. ఎవరిది ఏదో తెలీదు కాబట్టే ఆ రూలు. ఇక్కడ తెలుసు. కాబట్టి తీసుకెళ్ళినా నేను మాట్లాడను. లేదా వాళ్ళతో కలిపేయమంటే కలిపేస్తాను. పంతులుగారు వచ్చేశారు, పది కొట్టగానే మూత తీస్తాం. ఒకసారి కలిశాక మళ్ళీ తీసే పనే లేదు. ఇద్దరూ ఒక్క మాట చెప్పాలి. రేపు ఒకళ్ళొచ్చి, నన్ను అడక్కుండానే చేసేశారు అంటే నేను ఒప్పుకోను."

పైనున్న జనం లేచి నిలబడుతున్నారు. నలుగురు మగవాళ్ళు గునపాలు తీసుకుని రాతి మూత నాలుగు మూలలా నిలబడ్డారు. కింద రేవు నుంచి పది గంటల కూత వినబడింది.

తకుజో తేల్చేసుకున్నాడు. తోడు దొరుకుతుందనుకుని పంపాను, దొరకలేదు. ఇంకొక్క పూట కూడా వాణ్ణి మా దగ్గర లేకుండా ఉంచను. పైగా ఈమె ఎముకల కోసమే నడక నేర్చుకుంది.

ఫుసాయే కూడా తేల్చేసుకుంది. ఈ మనిషి వాడి కోసం అడిగింది ఒక్కటే. అదైనా దక్కనీ. నా చేతికి తెలియాల్సింది తెలిసింది.

"చెప్పండి," అన్నాడు హమజోనో.

"ఇంటికి," అన్నాడు తకుజో.

"వాళ్ళతో," అంది ఫుసాయే.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంచీ ఇద్దరి చేతుల్లోనూ ఉంది. లాక్కునేవాళ్ళు లేరు, వదిలేవాళ్ళూ లేరు. పంతులుగారి గంట మోగింది. గునపాలు రాతి కిందికి దిగాయి.